సున్నపు రొట్టె

ప్రొఫెసర్ స్తుల్గా గారిని కుర్చీలో చూసినవాళ్ళు కౌనస్‌లో బహు తక్కువ. ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన పాఠానికి కుర్చీ ఉండేది, దానిమీద ఆయన కోటు కూర్చునేది. ఆయన కిటికీ నుంచి తలుపుదాకా, తలుపు నుంచి కిటికీదాకా నడుస్తూ లిథువేనియా సాహిత్యం మొత్తం చెప్పేవాడు. అటు వెళ్ళినప్పుడల్లా కిటికీ తెరిచేవాడు, మళ్ళీ వెళ్ళినప్పుడు మూసేవాడు. ఆయన దగ్గర చదువుకుంటే సాహిత్యం వచ్చినా రాకపోయినా జలుబు మాత్రం ఖాయమని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. భోజనానికి పిలిస్తే సూపు గిన్నె చేత్తో పట్టుకుని, మన పుస్తకాల బీరువా ముందు నిలబడి తాగేవాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఆ ఇల్లాలు ఆయన్ని ఏ గుంజకో కట్టేసి ఉండేదని నా నమ్మకం.

నేను అప్పట్లో నాటకశాలలో ప్రాంప్టర్ని. వేదిక ముందంచున నేలలోకి దింపిన చిన్న గూడు నాది. పైన డిప్పలాంటి మూత, ముందు ఒక దీపం, ఒళ్ళో నాటకం ప్రతి. నటులు మాట మర్చిపోతే కిందినుంచి అందించాలి. జనానికి నేను కనబడను, నాకు మాత్రం నటుల బూట్ల దగ్గర్నుంచి అన్నీ కనబడతాయి. ఆ గూట్లోనే కూర్చుని నా ఇద్దరు మొగుళ్ళ సంపాదనకంటే నేనే ఎక్కువ సంపాదించాను. ఆ సంగతి ఇక్కడ అనవసరం, స్తుల్గా గారి దగ్గరికి వస్తాను.

ఆయనది ఉత్తరాన, లాట్వియా సరిహద్దు దగ్గరి పల్లె. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఉర్షులె అవిసె నార వడికి, దూడల్ని అమ్మి కొడుకుని కౌనస్‌లో చదివించింది. యుద్ధం వచ్చింది, పోయింది, కమ్యూనిస్టు రాజ్యం మిగిలింది. ఆమె పొలం సమష్టి క్షేత్రంలో కలిసిపోయింది, ఆమె అదే పొలంలో కూలి మనిషయింది. కొడుకు ప్రొఫెసరయ్యాడు. దాంతోపాటు నాటకాలు రాసేవాడు. అవన్నీ ఆవులు ఎక్కువ పాలిచ్చే నాటకాలు. ఒకదాంట్లో ట్రాక్టర్ డ్రైవరు పాలపిల్లని ప్రేమిస్తాడు, ఇంకోదాంట్లో పాలపిల్లే ట్రాక్టర్ డ్రైవర్ని ప్రేమిస్తుంది. రాజధాని విల్నియస్ నుంచి తనిఖీ సంఘం వచ్చి చూసేది, తల ఊపేది, వెళ్ళిపోయేది. అలాంటివెందుకు రాస్తారని ఒకసారి అడిగేశాను.

"అవి నేను రాసినవి కావు ఎమీలియా, నా జీతం రాసింది" అన్నాడు.

వాటిని ఆయన ఎప్పుడూ చూసేవాడు కాదు. తెర లేవగానే బయటికి పోయి కొండబండి ఎక్కేవాడు. కింది బజారు నుంచి పచ్చకొండ మీదికి తాడుతో లాగే పెట్టెబండి అది. ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతూ ఉంటుంది. నాటకం నడిచినంతసేపూ ఆయన అందులో పైకీ కిందికీ తిరిగేవాడు. కిటికీ దగ్గర నిలబడే. టికెట్లు చింపే ఆవిడకి ఆయన్ని చూస్తే మా కార్యక్రమం మొత్తం తెలిసిపోయేది. "ఇంకా రెండో అంకమేనా ప్రొఫెసర్ గారూ?" అని అడిగేది.

యాభై దాటాక ఆయన గుండె ఒకసారి మొరాయించింది. ఆస్పత్రిలో పడుకోబెట్టి, కదిలితే ఊరుకునేది లేదన్నారు. ఆ మనిషిని కదలనివ్వకపోతే ఏమవుతుంది? నాటకం రాశాడు. 'పెరటి తలుపు' అని పేరు. అందులో ట్రాక్టరు లేదు. ఒక తల్లి, చదువుకుని పట్నం నుంచి వచ్చిన కొడుకు, ఒక బల్ల, అంతే. ఆస్పత్రి నుంచి నేరుగా మా దగ్గరికొచ్చి ప్రతి నా చేతిలో పెట్టాడు.

"ఇది జీతం రాసింది కాదు ఎమీలియా. ఇదొక్కటీ ఆడాలి. మా అమ్మని ఒక్కసారి మా అమ్మలాగా నిలబెట్టాలి. ఆ తర్వాత నన్ను తీసుకెళ్ళి ఏ గుంటలో పడేసినా సరే."

అని కూర్చుంటాడేమో అనుకున్నాను. మెట్లు దిగి వెళ్ళిపోయాడు, టోపీ మర్చిపోయి.

తల్లి వేషం మార్సెలెది. లావుపాటి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. దర్శకుడు ఆల్ఫోన్సస్. అతనికి ప్రపంచంలో అందరూ శత్రువులే, అందులో మొదటివాడు నాటకం రాసినవాడు. రిహార్సళ్ళు మొదటి రెండంకాలదాకా బాగానే సాగాయి. మూడో అంకంలో బండి దిగబడింది. కొడుకు స్నేహితుల్ని వెంటబెట్టుకుని తల్లి ఇంటికి వస్తాడు. గొప్పలు చెబుతూ చెయ్యి విసిరితే రొట్టె కిందపడుతుంది. తల్లి వంగి తీస్తుంది. తీసి?

అక్కడే స్తుల్గా గారికి ఊపిరాడేది కాదు. ఒకరోజు తీసి బల్లమీద పెట్టమనేవాడు. మర్నాడు ఒళ్ళో వేసుకోమనేవాడు. ఆ తర్వాత అలమర మీద పెట్టమని, కాదు కాదు కోళ్ళకి వెయ్యమని. వచ్చిన ప్రతిసారీ నా ప్రతిలో పచ్చ పెన్సిలుతో కొట్టేసి కొత్తగా రాసేవాడు. ఆ పుట చూస్తే బచ్చలికూర వండినట్టుండేది. మార్సెలె ఓపిక ఒకనాటికి అయిపోయింది.

"ప్రొఫెసర్ గారూ, ఈ రొట్టెకి మీ ఇంట్లో ఎక్కడా చోటు లేదా? సోమవారం బల్లమీద, మంగళవారం ఒళ్ళో, ఇవాళ కోళ్ళకి. రేపు నన్నే మింగెయ్యమంటారేమో!"

"రేపు చెప్తా మార్సెలె, రేపు ఖాయంగా చెప్తా."

"మీకేం కావాలో చెప్పండి, చేసేస్తా. దానికింత కథెందుకు?"

"నాకేం కావాలో నాకు తెలుసమ్మా" అన్నాడు, అప్పటికే సగం దూరం నడిచేసి. "అది రాయడానికే చెయ్యి రావట్లా."

ఏం కావాలో మాకూ తెలుసు. పడ్డ రొట్టె తీసి ముద్దు పెట్టుకోకుండా బల్లమీద పెట్టే తల్లి మా దేశంలో ఎవరి ఇంట్లోనూ ఉండేది కాదు. పిల్లలు పడేస్తే పిల్లల చేత పెట్టించేది, ముద్దుతోపాటు వీపుమీద ఒకటి కూడా. కానీ ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే అది దేవుడి పద్దులో పడుతుంది, ఆ పద్దు అప్పట్లో మూసేసి ఉంది. పైగా రిహార్సళ్ళలో రొట్టె బదులు చెక్కదిమ్మ వాడేవాళ్ళం. చెక్కదిమ్మ కింద పడితే ఎవరికీ ఏమీ అనిపించదు.

తనిఖీ సంఘం వచ్చే రోజున ఆల్ఫోన్సస్‌కి బుద్ధి పుట్టింది. చెక్కదిమ్మ కాకుండా చూడ్డానికి బాగుండేది ఏదైనా పట్టుకురమ్మని మార్సెలెకి చెప్పాడు. ఆవిడ అత్తగారు కాల్చిన నల్లరొట్టె తెచ్చింది. అడుగున, కాల్చేటప్పుడు పరిచిన ఆకుల ముద్రలతో, ఇంకా వెచ్చగా ఉంది. నా గూటిదాకా వాసన వచ్చింది. స్తుల్గా గారు దాన్నొకసారి చూశాడు, టోపీ పెట్టుకుని కొండబండికి పోయాడు.

హాల్లో నలుగురే ఉన్నారు. మధ్యలో సంఘం పెద్ద, కామ్రేడ్ ట్రింకా. మనిషి పొయ్యిలా వెడల్పుగా ఉంటాడు, మాట మాత్రం మెత్తగా వస్తుంది. మూడో అంకం వచ్చింది. కొడుకు చెయ్యి విసిరాడు, రొట్టె పడింది. మార్సెలె వంగింది, తీసింది, ముద్దు పెట్టుకుంది, బల్లమీద పెట్టి తన తర్వాతి మాట చెప్పింది. తనేం చేసిందో ఆవిడకే తెలియదు. ఆ మాటకొస్తే ఆ క్షణంలో నాకూ తెలియలేదు. అందులో తెలియడానికేముంది? తర్వాత హాల్లోంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు విన్నాక గానీ అది ప్రతిలో లేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆల్ఫోన్సస్ గదిలో సభ కూర్చుంది. కాల్చిన చేప పెట్టిన రొట్టెముక్కలు, కాన్యాక్ సీసా. నాటకం ప్రతి నా దగ్గరుంటుంది కాబట్టి నన్నూ పిలిచారు. అప్పుడే స్తుల్గా గారు చలికి ఎర్రబడ్డ చెవులతో లోపలికొచ్చి, గోడ పక్కన నడవడం మొదలుపెట్టాడు.

"ముద్దు ప్రతిలో ఉందా?" ట్రింకా నన్నడిగాడు.

"లేదు."

"ఏ ముద్దు?" అని ఆగిపోయాడు స్తుల్గా.

"మీ తల్లి పాత్ర రొట్టెని ముద్దు పెట్టుకుంది ప్రొఫెసర్ గారూ. మీకు తెలీదా?"

"ముద్దు పెట్టుకుందా? మార్సెలె? ఇప్పుడా?" అని, తనని జైలుకి పంపగల మనిషిని వదిలేసి, నా వైపు తిరిగి అడిగాడు. "ఎలా పెట్టుకుంది ఎమీలియా?"

"ఎలా ఏమిటి, అందరూ పెట్టుకున్నట్టే" అన్నాను.

మార్సెలె ఒక మూల కొంగుతో, అంటే వేషం తాలూకు ఏప్రనుతో, కళ్ళు తుడుచుకుంటోంది. "నాకు తెలీకుండా జరిగిపోయింది కామ్రేడ్. ఒట్టు! మా అత్త రొట్టె... అంతే, వంగాను..."

"ఏడవకమ్మా, నిన్నెవరేమన్నారు?" అన్నాడు ట్రింకా. "మా అమ్మా పెట్టుకునేది. అందుకే తీసెయ్యమంటున్నా. చూసిన ప్రతివాడికీ వాళ్ళమ్మ గుర్తొస్తుంది. హాలు నిండా జనానికి ఒకేసారి అమ్మలు గుర్తొస్తే ఏమవుతుందో నాకు తెలీదు, మీకూ తెలీదు. తెలీనిదాన్ని నేను పాస్ చెయ్యను."

"రొట్టె పడకపోతే నాటకమే లేదు" అన్నాడు స్తుల్గా.

"పడనివ్వండి. నిజం రొట్టె పడితేనేగా ఈ తంటా? సున్నంతో ఒకటి చేయించి రంగెయ్యండి. సున్నాన్ని ఎవరు ముద్దు పెట్టుకుంటారు?"

మాట్లాడుతూనే ట్రింకా బల్లమీద రాలిన రొట్టె పొడిని అరచేత్తో ఒకచోటికి లాగి, నోట్లో వేసుకున్నాడు. మా ఊళ్ళలో ఆకలి చూసినవాళ్ళందరూ అలాగే చేస్తారు. స్తుల్గా ఆ చేతినే చూస్తున్నాడు.

"ఒప్పుకోను" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

ఆల్ఫోన్సస్ అంత ఎత్తున లేచాడు. "ఒప్పుకోరా? మీకేం, ఇన్‌స్టిట్యూట్ ఉంది! ఈ సీజన్‌లో మాకున్నది ఈ నాటకమొక్కటే. మా అందరి నోటికాడ కూడు మీ పెన్సిలు కొసన ఉంది. ఒక్కసారి, దేవుడికి దణ్ణం..." ట్రింకా వైపు చూసి, "ఊరికే అన్నా కామ్రేడ్. ఒక్కసారి సంతకం పెట్టెయ్యండి ప్రొఫెసర్ గారూ!"

స్తుల్గా కిటికీ తెరిచాడు, మూశాడు. మార్సెలెని చూశాడు, నన్ను చూశాడు. నా ఒళ్ళోంచి ప్రతి తీసుకుని పచ్చ పెన్సిలుతో 'తీసి బల్లమీద పెడుతుంది' అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టాడు. ఆ రోజు ఆయన మీద నాకు జాలి కలగలేదు. ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను.

సున్నపు రొట్టె బాగా కుదిరింది. నల్లగా, నున్నగా, ఎవరైనా కోసుకు తినేలా ఉంది. కింద పడితే మాత్రం కుండ పగిలినట్టు డొల్లగా మోగేది.

మొదటి ప్రదర్శన నవంబరు మొదటి వారంలో పడింది. జనం అప్పుడే సొంతూళ్ళకెళ్ళి తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు. కోట్లకింకా మైనం వాసన పోలేదు. హాలు నిండిపోయింది. ముందు వరసలో ట్రింకా. స్తుల్గా గారు అలవాటు ప్రకారం తెర లేవగానే మాయం.

మూడో అంకంలో రొట్టె పడింది. డొల్ల చప్పుడు హాలంతా వినబడింది. మార్సెలె వంగి తీసింది. తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. ఆమె మడమలు నాకు కనబడుతున్నాయి, అవి వెళ్ళనంటున్నాయి. బల్లమీద పెట్టబోతుంటే మూడో వరసలోంచి తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలమ్మ, తన వంటింట్లో కోడలితో అన్నంత మామూలుగా అంది:

"ముద్దు పెట్టుకోవే తల్లీ! రొట్టె కదా!"

ఎవరూ నవ్వలేదు. "అవునమ్మా" అని ఇంకెవరిదో మగ గొంతు. మార్సెలె ఆ సున్నపు ముద్దని పైకెత్తి ముద్దు పెట్టుకుంది. పెదాలకి నల్లరంగు అంటుకుంది. చప్పట్లు లేవు. హాలంతా చేతిసంచులు తెరుచుకుంటున్న చప్పుడు, రుమాళ్ళ కోసం. ట్రింకా ముందుకీ వెనక్కీ చూడలేదు, తన మోకాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

తెర పడగానే నేను ఇంటి చెప్పులతోనే కొండబండికి పరిగెత్తాను. పెట్టె కిందికి దిగుతోంది. కిటికీ దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన దిగేలోపలే నేను ఎక్కేశాను.

"పెట్టుకుంది! జనం అడిగి పెట్టించారు. ఒక ముసలమ్మ గట్టిగా అరిచి మరీ!"

"ఏ ముసలమ్మ? ఎలా ఉంది?"

"తలగుడ్డ, పొట్టిగా..."

"పొట్టిగానా? ఎడమ భుజం కాస్త వంగి ఉందా?"

"మీ అమ్మ కాదు లెండి ప్రొఫెసర్ గారూ" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

పెట్టె మళ్ళీ పైకి బయల్దేరింది. అందులో మేమిద్దరమే. ఆయన అద్దం మీద ఆవిరి తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. యుద్ధం తర్వాత కుర్ర మేష్టారుగా ఉన్నప్పుడు ఆయన్ని పల్లెలకి పంపారు, మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలివ్వడానికి. తన సొంతూళ్ళో ఉపన్యాసం అయ్యాక, కూడా వచ్చిన ఇద్దరినీ తల్లి దగ్గరికి భోజనానికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఉన్నదంతా వండిపెట్టింది. మాటల్లో ఈయన మోచెయ్యి తగిలి రొట్టె పడింది. ఆవిడ తీసి ముద్దు పెట్టుకుంది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాకు సిగ్గేసింది ఎమీలియా. నేను నవ్వాను. 'చూశారా, నా ఉపన్యాసానికి ఉదాహరణ కోసం ఎక్కడికీ పోనక్కర్లా, మా ఇంట్లోనే ఉంది' అన్నాను. వాళ్ళూ నవ్వారు."

"ఆవిడేమంది?"

"ఏమీ అన్లా. ఇంకొంచెం సూపు పోసింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నా ముందు ఎప్పుడూ ముద్దు పెట్టుకోలేదు. పడితే తీసేది, ఒళ్ళో వేసుకునేది, పక్క గదిలోకి వెళ్ళేది. తలుపేసుకునేది. నేను బల్ల దగ్గర కూర్చుని ఆ తలుపు చూసేవాణ్ణి. అప్పట్నుంచి నాకు కూర్చుంటే ఆ తలుపే కనబడుతుంది."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "అయితే ఇక్కడేం చేస్తున్నారు మీరు? అక్కడ హాల్లో మీ అమ్మ బల్ల ముందు నిలబడి ముద్దు పెట్టుకుంటుంటే, మీరు ఈ పెట్టెలో ఊరేగుతారా? వచ్చేవారం వచ్చి కూర్చోండి!"

"కూర్చుంటా. ఖాయంగా కూర్చుంటా."

కూర్చోలేదు. మళ్ళీ ఆడినప్పుడు హాల్లోకి వచ్చాడు, రెండో అంకంలో లేచిపోయాడు. ఆ తర్వాతిసారి తలుపు దగ్గర నిలబడ్డాడు, కొడుకు పాత్ర బల్ల దగ్గరికి రాగానే బయటికి పరిగెత్తాడు. ఇక్కడ రొట్టె మాత్రం ప్రతిసారీ పడుతోంది, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఒకసారి ఒక సైనికుడు, ఒకసారి చిన్నపిల్ల. పల్లెల నుంచి బస్సులు కట్టుకుని వస్తున్నారు. ఆల్ఫోన్సస్ ఒకపక్క టికెట్ల గిరాకీకి మురిసిపోతూ ఇంకోపక్క కంగారు తగ్గడానికి వాలేరియన్ చుక్కలు తాగుతున్నాడు. ప్రతిలో ముద్దు లేదు, నటి తనంతట తాను చెయ్యలేదు, జనం అడిగితే కాదనకూడదు. ఎవర్ని పట్టుకుని దండిస్తారు?

ట్రింకా తెలివైనవాడు. జనాన్ని దండించలేదు, జనాన్ని మార్చాడు. క్రిస్మస్‌కి ముందు జరిగే ప్రదర్శన టికెట్లన్నీ ప్రభుత్వ కార్యాలయాలకి వెళ్ళిపోయాయి. ఎవరు ఏ వరసలో కూర్చోవాలో కూడా వాళ్ళే రాసుకున్నారట. ఆ రాత్రి హాలు నోరు మెదపకుండా చూడాలి, ఆ తర్వాత జనానికి ఆసక్తి తగ్గిందని చెప్పి నాటకం ఆపెయ్యాలి. ఆల్ఫోన్సస్ ఆ సంగతి నా చెవిలో చెప్పాడు. నేను తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కి పోయి, పాఠం మధ్యలో ఆయన్ని తలుపు దగ్గర పట్టుకున్నాను.

"ఎల్లుండే ఆఖరు. చూస్తే ఎల్లుండి చూడాలి, లేకపోతే ఇక లేదు."

"కుర్చీలో కూర్చోలేను ఎమీలియా. నా వల్ల కావట్లా. లేచి పారిపోతాను, నన్ను నేనెరుగుదును."

"లేవడానికి వీల్లేని చోటు నా దగ్గరుంది" అన్నాను. "ఏ గుంటలో పడేసినా సరే అన్నారుగా."

అలా ఆయన నా గూట్లోకి వచ్చాడు. ఒక మనిషికే చాలని చోటు అది. నేను స్టూలు బయట పెట్టేసి మెట్టుమీద కూర్చున్నాను, ఆయన నా పక్కన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నాడు. తల ఎత్తితే మూత తగులుతుంది, కాలు చాపితే గోడ తగులుతుంది. మొదటి అంకమంతా ఆయన వేళ్ళు చెక్క అంచుమీద పరిగెడుతూనే ఉన్నాయి. రెండో అంకంలో "ఎమీలియా, గాలి..." అన్నాడు. "నోర్మూసుకోండి" అన్నాను. ప్రొఫెసర్‌ని ఎవరూ అలా అనకూడదు, కానీ గూట్లో నేనే పెద్ద.

హాలు నిండుగా ఉంది, ఊపిరి లేదు. నవ్వాల్సిన చోట నవ్వు లేదు, దగ్గు కూడా లేదు. మూడో అంకం వచ్చింది. కొడుకు చెయ్యి విసిరాడు. రొట్టె పడి డొల్లగా మోగింది, దొర్లుకుంటూ వచ్చి మా గూటి ముందే ఆగింది. మార్సెలె వంగింది. ఆమె మొహం మాకు జానెడు దూరంలో ఉంది. గూట్లో ఆయన్ని చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

లేచి నిలబడింది. రొట్టె చేతిలో పట్టుకుని హాలు వైపు చూసింది. ఎప్పుడూ ఎవరో ఒకరు అనే క్షణం అది. ఎవరూ అనలేదు. కార్యాలయాలు కూర్చుని ఉన్నాయి, ముందు వరసలో ట్రింకా చేతులు కట్టుకుని ఉన్నాడు. మార్సెలె ఎదురుచూసింది. బల్ల వైపు ఒక అడుగు వేసింది, ఆగింది. మాట మర్చిపోయిన నటులు చూసినట్టే నా గూటికేసి చూసింది.

ఆమె తర్వాతి మాట అందించడానికి నేను నోరు తెరిచాను. స్తుల్గా గారు నా ఒళ్ళోని ప్రతిమీద అరచెయ్యి వేశాడు.

"ముద్దు పెట్టుకో అమ్మా" అన్నాడు. "నేను నవ్వన్లే."

గుసగుసగానే అన్నాడు, కానీ ఆ హాల్లో అంత నిశ్శబ్దం వాళ్ళే పోగుచేసి పెట్టారు కదా, చివరి వరసదాకా వినబడింది. మార్సెలె సున్నపు రొట్టెని రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టుకుంది. పక్క గదిలోకి వెళ్ళలేదు. కొడుకు పాత్ర వేసిన కుర్రాడు తన మాట మర్చిపోయాడు, నేనూ అందించడం మర్చిపోయాను. కార్యాలయాల్లో ఎక్కడో ఒక చేతిసంచి తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి.

తెర పడ్డాక ట్రింకా వేదిక దగ్గరికొచ్చి మా గూటి ముందు వంగాడు.

"ఎవరిదా గొంతు?"

"ప్రాంప్టరుది, ఇంకెవరిది?" అన్నాను, మూతకి అడ్డంగా లేచి నిలబడి.

"ప్రాంప్టరు గొంతు ఇంత బొంగురుగా ఉంటుందా?"

"జలుబు."

నా భుజం పక్కనుంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. "జలుబుకి తేనె తాగమ్మా" అని చెప్పి, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. నాటకం ఆపేశారు. వేసవికల్లా ప్రొఫెసర్ గారిని ఆరోగ్యం పేరుతో ఇంటికి పంపారు కూడా. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యింది, దీపాలు ఆర్పుతున్నారు. మార్సెలె వచ్చి సున్నపు రొట్టె గూటి అంచుమీద పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను పైకెక్కి, లేపడానికి చెయ్యి అందించాను.

"రండి ప్రొఫెసర్ గారూ, కొండబండి ఆగిపోయే వేళయింది."

"నువ్వు పద ఎమీలియా" అన్నాడు. "నేను కాసేపు ఇక్కడ కూర్చుంటా."